ప్రాణహిత కోసం ఒక జట్టు: నది పని మొదలుపెట్టేవాళ్లకు సమగ్ర మార్గదర్శి

"మేం పదిమందిమి ఉన్నాం, నది దగ్గర ఏదైనా చేద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. చాలా జట్లు సంచులు, గ్లవుజులు, ఒకే రంగు టీషర్టులతో మొదలై ఒక్క ఆదివారంతో ముగిసిపోతున్నాయి. సంచి చేతపట్టే ముందు చేయాల్సిన పని చాలా ఉంది. అది కుదిరితే మిగతాది కష్టం కాదు. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం ఆ ముందు పని గురించే ఉంటుంది.

ఉదాహరణకు ప్రాణహితను తీసుకున్నాను. వార్ధా, వైన్‌గంగ తుమ్మిడిహట్టి దగ్గర కలిశాక ఈ పేరుతో మొదలై, కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలిసేదాకా సుమారు 113 కిలోమీటర్లు తెలంగాణ, మహారాష్ట్ర సరిహద్దుగా పారుతుంది. ఈ పొడవునా నదికి అడ్డంగా పెద్ద ఆనకట్ట లేదు. ఇసుక తిన్నెలు ఏటా చోటు మారుతుంటాయి, మడుగుల్లో మొసళ్లు ఉన్నాయి, తిన్నెల మీద పక్షులు గుడ్లు పెడతాయి. ఊరి చెరువు దగ్గర చేసినట్టు ఇక్కడ చేస్తే మేలు కంటే కీడే ఎక్కువ జరగొచ్చు. నాగావళి, శబరి ఒడ్డున ఉన్నవాళ్లు ఊళ్లు, శాఖల పేర్లు మార్చుకుని ఇదే క్రమం వాడుకోవచ్చు.

1. నదిలో ఒక ముక్కను ఎంచుకోండి

మొత్తం నదిని నెత్తికెత్తుకోవద్దు. మూడు నుంచి ఐదు కిలోమీటర్ల ఒడ్డు చాలు. నడిచి తిరిగి రావడానికి ఒక పూట పట్టేంత దూరం అన్నమాట.

ఆ ముక్కలో మూడు రకాల చోట్లు ఉండేలా చూసుకోండి: జనం స్నానాలకు దిగే రేవు ఒకటి, వాగు వచ్చి కలిసే చోటు ఒకటి, మనుషులు పెద్దగా వెళ్లని ఒడ్డు ఒకటి. రేవులో చెత్త తెలుస్తుంది. వాగు కలిసే చోట ఊళ్ల నుంచి, పొలాల నుంచి ఏం వస్తోందో తెలుస్తుంది. మూడోది పోల్చి చూసుకోవడానికి.

వేమనపల్లి, అర్జునగుట్ట, తుమ్మిడిహట్టి రేవులు కొత్త జట్టుకు అనువైనవి. దారి ఉంది, పడవలు దొరుకుతాయి, 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు ఇక్కడ కూడా జరిగాయి కాబట్టి అధికారులకూ ఈ చోట్లు తెలుసు. కాళేశ్వరం సంగమంతో మాత్రం మొదలుపెట్టొద్దని నా సలహా. అక్కడ గోదావరి నీళ్లు కలుస్తాయి, దిగువన మేడిగడ్డ బ్యారేజీ ఉంది, భక్తుల రద్దీ ఎక్కువ. ఏ మార్పు దేనివల్ల వచ్చిందో తేల్చుకోవడం అనుభవం ఉన్నవాళ్లకే కష్టం.

ఎంపికకు ముందు ఇంట్లో కూర్చుని చేయాల్సిన పని:

- గూగుల్ ఎర్త్‌లో అదే చోటి పాత ఉపగ్రహ చిత్రాలు వరసగా చూడండి. తిన్నెలు ఎటు జరిగాయో, ఒడ్డు ఎక్కడ కోసుకుపోయిందో తెలుస్తుంది.
- ఆ ముక్కలో కలిసే ప్రతి వాగునూ గీసుకోండి. ఆ వాగుల మీద పైన ఏ ఊళ్లున్నాయో పేర్లు రాసుకోండి.
- ప్రాణహిత వన్యప్రాణి అభయారణ్యం హద్దు మీ ముక్కలోకి వస్తుందో రాదో అటవీ శాఖను అడిగి తేల్చుకోండి. దాన్నిబట్టి అనుమతుల సంగతి మొత్తం మారిపోతుంది.

తర్వాత ఇద్దరు ముగ్గురే వెళ్లి, చేపలు పట్టే ఒక పెద్దాయనతో కలిసి ఆ ఒడ్డంతా నడవండి. "కాకా, ఈ మడుగుకు పేరేంది? ఎండాకాలం ఎంత లోతుంటది? మొసలి ఎక్కడ పండుకుంటది?" అని అడగండి. ఆయన చెప్పే సంగతులు ఏ మ్యాపులోనూ ఉండవు. ఆ రోజు కూలి, పడవ తీసుకెళ్తే పడవ ఖర్చు ఇవ్వడం మరిచిపోవద్దు. మన సేవ మన ఇష్టం, ఆయన పూట పని ఆయన జీవనం.

2. కాలం చూసుకోండి

తప్పుడు నెలలో చేసిన మంచి పని కూడా నష్టమే చేస్తుంది. మోటుగా చెప్పాలంటే ఏడాది ఇలా ఉంటుంది.

జూన్ చివర నుంచి అక్టోబరు దాకా: నీళ్లలోకి, తిన్నెల మీదికి వెళ్లొద్దు. ఇక్కడ వాన లేకపోయినా ఎగువన వైన్‌గంగ మీద గోసీఖుర్ద్ ఆనకట్ట గేట్లు ఎత్తితే వరద వచ్చేస్తుంది. ఈ నెలలు ఊళ్లో సమావేశాలకు, బడుల్లో మాట్లాడటానికి, లెక్కలు సరిచూసుకోవడానికి వాడుకోండి.

నవంబరు నుంచి జనవరి దాకా: అసలైన పని కాలం. వరద తీసింది, ఎండ లేదు, పొదలకు చిక్కుకున్న ప్లాస్టిక్ కళ్లకు కనబడుతుంది. వలస పక్షులు కూడా అప్పుడే వస్తాయి. కార్తీక మాసం అయిపోయిన వారం రేవులు శుభ్రం చేయడానికి సరైన సమయం.

ఫిబ్రవరి నుంచి మే దాకా: తిన్నెల మీద అడుగుపెట్టకండి. టెర్న్‌లు (నీళ్ల మీద ఎగురుతూ చేపలు పట్టే పక్షులు), తీతువు జాతి పక్షులు ఉత్త ఇసుకలోనే చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి. గుడ్ల రంగు ఇసుకలో కలిసిపోతుంది, పాదం కింద పడేదాకా కనబడదు. మీరు తొక్కకపోయినా, జనం తిరుగుతుంటే తల్లి పక్షి లేచిపోతుంది, ఆ ఎండకు గుడ్లు ఉడికిపోతాయి. మగ్గర్ మొసలి కూడా ఫిబ్రవరి, ఏప్రిల్ మధ్య ఒడ్డు ఇసుకలో గుంట తవ్వి గుడ్లు పెడుతుంది. ఈ నెలల్లో మెట్లున్న రేవుల దగ్గర మాత్రమే పని చేయండి. మహాశివరాత్రి తర్వాత చెత్త ఎలాగూ అక్కడే ఉంటుంది.

3. ఎవరిని అడగాలి, ఎవరికి చెప్పాలి

ఈ మెట్టు చాలామందికి విసుగు. కానీ దీన్ని దాటవేసిన జట్టును రెండోసారి రేవులోకి రానివ్వరు.

ముందు ఊరు. సర్పంచ్, పంచాయతీ కార్యదర్శి, మత్స్య సహకార సంఘం అధ్యక్షుడు. ఈ ముగ్గురినీ ఫోన్‌లో కాదు, ఇంటికి వెళ్లి కలవండి. చేపలు పట్టేవాళ్లకు మొదట వచ్చే అనుమానం ఒక్కటే: "వీళ్లొచ్చి మా వేట ఆపిస్తారా?" ఆ మాట వాళ్లు అడిగేదాకా ఆగకుండా మీరే తీసి జవాబు చెప్పండి.

తర్వాత అటవీ శాఖ. 1980లో ప్రకటించిన ప్రాణహిత అభయారణ్యం 136 చదరపు కిలోమీటర్లు. అభయారణ్యం లోపలికి వెళ్లడానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి కావాలి. బీట్ ఆఫీసర్ "పర్లేదు, వెళ్లండి" అన్నా సరే, రేంజ్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి ముద్ర వేయించుకున్న కాపీ దగ్గర ఉంచుకోండి. డ్రోన్ ఎగరేయాలనుకుంటే అది వేరే అనుమతి. వీలైతే డ్రోన్ ఆలోచనే మానుకోండి, పక్షులు బెదిరిపోతాయి.

పోలీస్ స్టేషన్‌లో కూడా ముందే చెప్పాలి. ఇది రెండు రాష్ట్రాల సరిహద్దు, అవతల గడ్చిరోలి జిల్లా. గుంపుగా కొత్తవాళ్లు నది దాటితే ప్రశ్నలు రావడం సహజం. అవతలి ఒడ్డున పని చేయాలంటే అక్కడి అటవీ శాఖ, అక్కడి గ్రామ పంచాయతీ వేరు. సిరొంచ వైపు తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి భాషతో ఇబ్బంది ఉండదు, కాగితాలతోనే.

పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉందేమో అడగండి. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో ఉండాలి. పేరుకే ఉన్నా ఫర్వాలేదు, మీరు సేకరించే వివరాలు ఎక్కించడానికి ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ అనే అధికారిక పుస్తకం ఆ కమిటీ చేతిలో ఉంటుంది.

దరఖాస్తులో ఉండాల్సినవి:

- తేదీ, వచ్చే సమయం, వెళ్లే సమయం
- ఏ రేవు నుంచి ఏ వాగు దాకా
- ఎంతమంది, బాధ్యుడి పేరు, ఫోన్ నంబరు
- చేసే పని, చేయని పని (చెట్లు కొట్టం, మంట పెట్టం, తిన్నెల మీదికి వెళ్లం)
- సేకరించిన చెత్త ఎక్కడికి పోతుంది

చివరి వరస రాయాలంటే ముందు ఆ ఏర్పాటు చేసుకోవాలి. పంచాయతీ ట్రాక్టర్ ఆ రోజు వస్తుందా, డంపింగ్ యార్డు ఎక్కడ, ప్లాస్టిక్ కొనే పాత సామాన్ల వ్యాపారి ఎవరు అన్నది ఆ వారంలోనే మాట్లాడుకోండి.

4. జట్టు, బాధ్యతలు

పన్నెండు నుంచి పదిహేను మంది చాలు. రెండు వందల మందితో ఒక రోజు చేసే కార్యక్రమం కంటే పన్నెండు మందితో ఏడాదికి నాలుగుసార్లు చేసేదే నాకు మేలనిపిస్తుంది. ఎక్కువమంది వస్తే ఒడ్డు మీద గడ్డి నలిగిపోతుంది, వాళ్ల టిఫిన్ ప్లేట్లే మళ్లీ చెత్త అవుతాయి.

పేరు పెట్టి పని అప్పగించండి:

- నాయకుడు: ఆపమంటే ఆపాల్సిందే, ఆ అధికారం ఒక్కరిదే
- నీటి భద్రత చూసే వ్యక్తి: ఆ ఊరి ఈతగాడు అయితే మంచిది, ఆయన చెత్త ఏరకూడదు, కళ్లు నీళ్ల మీదే ఉండాలి
- రాతగాడు: ప్రతిదీ పుస్తకంలో రాసేవారు
- ప్రథమ చికిత్స తెలిసినవారు
- తూకం, వేరుచేయడం చూసే ఇద్దరు
- ఊరివాళ్లతో మాట్లాడే ఒకరు, వీలైతే ఆ ఊరివారే

బడి పిల్లలను తేవాలంటే తల్లిదండ్రుల సంతకం తీసుకుని, మెట్ల రేవు పైభాగానికే పరిమితం చేయండి. నీళ్ల అంచుకు పిల్లలు రాకూడదు. "ఊరి పిల్లలే కదా, ఈత వచ్చు" అనే మాటను ఒప్పుకోవద్దు.

5. భద్రత: ఇక్కడ రాజీ లేదు

ప్రశాంతంగా కనబడే రేవులోనే ప్రమాదాలు ఎక్కువ. ఎందుకో తెలిస్తే జాగ్రత్త దానంతటదే వస్తుంది.

నీటి అడుగు: ఇసుక నది అడుగు సమంగా ఉండదు. మోకాలి లోతులో నడుస్తుంటే ఒక్క అడుగుకు నిలువు లోతు రావచ్చు. ఇసుక తవ్విన గుంతలు ఉంటే మరీ ప్రమాదం, పైనుంచి చూస్తే నీళ్లు ఒకే తీరుగా కనబడతాయి. మన పని మొత్తం ఒడ్డు మీదే. నమూనా కోసం దిగేవాళ్లు మాత్రమే, లైఫ్ జాకెట్ వేసుకుని, కర్రతో అడుగు చూసుకుంటూ, మోకాలి లోతు దాటకుండా దిగాలి.

ఊబి: వరద తీశాక వాగు కలిసే చోట బురద పైన ఎండినట్టు కనబడి లోపల మెత్తగా ఉంటుంది. కాలు దిగబడితే గుంజుకోవద్దు. వెనక్కి వాలి, బరువు పరుచుకుని, కాలు మెల్లగా కదిలిస్తూ తీయాలి. పక్కనున్నవాళ్లు దగ్గరికి పరుగెత్తకుండా కర్రో, తాడో అందించాలి.

మొసలి: చలికాలంలో పొద్దెక్కాక ఎండ కాచుకోవడానికి ఒడ్డుకు వస్తుంది. కనబడిన చోటును ఆ రోజుకు వదిలేయండి. కనబడని చోటే ఎక్కువ జాగ్రత్త అవసరం. మడుగుల అంచున గొంతుకూర్చుని చేతులు కడుక్కోవడం, గిన్నెలు తోమడం, చీకటిపడ్డాక నీళ్ల దగ్గరికి వెళ్లడం వద్దు. చేతులు కడుక్కునే నీళ్లు క్యాన్‌లో తెచ్చుకోండి.

పాము: పొదల్లో, వరద తెచ్చిన చెత్తకుప్పల్లో చేయి పెట్టకండి. ముందు కర్రతో కదిలించి, తర్వాత చిమటాతో తీయండి. కాటేస్తే కోయడం, పీల్చడం, తాడు బిగించడం ఏదీ చేయొద్దు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విరుగుడు మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆ మందు ఏ ఆసుపత్రిలో ఉందో వెళ్లే ముందు రోజే కనుక్కుని ఉండాలి.

వరద: ముందు రోజు సాయంత్రం కేంద్ర జల సంఘం వరద వెబ్‌సైట్‌లో టేక్రా కేంద్రం నీటిమట్టం చూడండి. ప్రాణహిత మీద ఉన్న కొలత కేంద్రం అది. మట్టం పెరుగుతుంటే పని వాయిదా. ఒడ్డున ఉండగా నీళ్ల రంగు ఒక్కసారిగా మారినా, నురగ, పుల్లలు కొట్టుకురావడం మొదలైనా వెంటనే గట్టెక్కండి.

ఎవరైనా మునిగిపోతుంటే దూకవద్దు. తాడు, గాలి నింపిన ట్యూబు, ఖాళీ క్యాన్, పొడవాటి కర్ర ఏది ఉంటే అది విసరాలి. ఒకరిని కాపాడబోయి ఇద్దరు ముగ్గురు పోవడం మన రేవుల్లో కొత్త కాదు.

వెంట ఉండాల్సినవి:

- లైఫ్ జాకెట్లు రెండు, ఇరవై మీటర్ల తాడు, గాలి ట్యూబు
- మందపాటి గ్లవుజులు, మడమ కప్పే బూట్లు (చెప్పులతో వచ్చినవాళ్లు తూకం దగ్గరే ఉండాలి)
- మనిషికి మూడు లీటర్ల మంచినీళ్లు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, టోపీ
- సూదులు, గాజు ముక్కలు వేయడానికి మూతున్న గట్టి డబ్బా
- సిగ్నల్ ఉండే చోటు ఎక్కడో ముందే చూసి పెట్టుకున్న గుర్తు

6. పని రోజు క్రమం

ఈ వరస మార్చకండి: ముందు పక్షులు, తర్వాత నీళ్లు, చివర చెత్త. చెత్త పని మొదలవగానే అలికిడికి పక్షులు లేచిపోతాయి, అడుగు కదిలి నీళ్లు మురికి అవుతాయి. ఆ తర్వాత ఏది కొలిచినా తప్పే.

ఉదయం ఆరింటికి ఇద్దరు బైనాక్యులర్‌తో ఒక చోట కూర్చుని అరగంట పక్షులను లెక్కించాలి. మిగతావాళ్లు గట్టు మీదే మాట్లాడకుండా ఉండాలి. ఏడింటికి నీటి నమూనాలు. ఏడున్నరకు అందరికీ భద్రత మాటలు మళ్లీ ఒకసారి చెప్పి చెత్త పని మొదలుపెట్టాలి. పదిన్నరకు ఆపేయాలి, చలికాలమైనా సరే.

చెత్త ఏరేటప్పుడు తీయాల్సినవి, వదలాల్సినవి తేడా తెలియాలి.

తీయండి: ప్లాస్టిక్, థర్మోకోల్, గాజు, తెగిన నైలాన్ వలలు, రేవులో వదిలేసిన బట్టలు, పూజ సామాన్ల కవర్లు, పురుగుమందు డబ్బాలు. పురుగుమందు డబ్బాలు విడిగా, గ్లవుజులతో.

వదిలేయండి: కొట్టుకొచ్చిన చెట్ల మానులు, కొమ్మలు, ఆకులు, గవ్వలు, ఒడ్డు గడ్డి. నీళ్లలో పడిన మాను కింద చేపపిల్లలు దాక్కుంటాయి, పైన తాబేళ్లు ఎండ కాచుకుంటాయి. "నీట్‌గా" కనబడాలని వాటిని లాగేస్తే వాటి ఇల్లు పీకినట్టే.

వల కనబడితే అది తెగిపోయి కొట్టుకొచ్చిందా, ఎవరైనా కట్టి ఉంచిందా చూసుకోండి. కట్టిన వలను ముట్టుకుంటే సంఘంతో మీ సంబంధం ఆ రోజుతో సరి.

ఏరాక రకాలుగా విడదీసి తూకం వేయండి. అందరూ బద్ధకించేది ఇక్కడే, అసలు ఉపయోగం మాత్రం దీనివల్లే. "ట్రాక్టరు నిండా చెత్త తీశాం" అంటే పంచాయతీ చేయగలిగింది ఏమీ లేదు. "రేవులో దొరికినదాంట్లో సగానికి పైగా గుట్కా, షాంపూ ప్యాకెట్లు, వాగు మొదట్లో దొరికినవి పత్తి చేలలో వాడిన మందు డబ్బాలు" అంటే ఎవరితో మాట్లాడాలో తెలుస్తుంది. రేవు మీది దుకాణాల్లో థర్మోకోల్ అలంకరణ సామాను, ప్లాస్టిక్ ప్లేట్లు దొరుకుతుంటే, అవి 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధంలో ఉన్నవే. దుకాణదారుతో గొడవ పడకుండా, పంచాయతీ కార్యదర్శితో వెళ్లి విస్తరాకులు, ఆకు దొన్నెలు ఎక్కడ చవగ్గా దొరుకుతాయో కూడా చెప్పండి.

ఏరినదాన్ని అక్కడే కాల్చొద్దు. ఇసుకలో పూడ్చొద్దు, వచ్చే వరదకు మొత్తం బయటికి వస్తుంది.

7. నీటి పరీక్ష

ఖరీదైన కిట్ అవసరం లేదు. ఉష్ణోగ్రత, పీహెచ్, కరిగిన ఆక్సిజన్, నీటి తేట: ఈ నాలుగు ప్రతిసారీ ఒకే చోట, ఒకే వేళకు చూస్తే చాలు. వేళ ఎందుకంటే, నీటి మొక్కలు పగలు ఆక్సిజన్ వదులుతాయి, రాత్రి వాడుకుంటాయి. తెల్లవారుజామున తక్కువ, మధ్యాహ్నం ఎక్కువ ఉంటుంది. ఒక నెల ఉదయం, ఒక నెల మధ్యాహ్నం కొలిచి "నది బాగుపడింది" అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

నమూనా తీసే పద్ధతి:

- రేవుకు ఎగువన, ప్రవాహం ఉన్న చోట నిలబడండి. ముఖం ఎగువ వైపు, సీసా మీకు ముందు.
- అదే నీళ్లతో సీసా మూడుసార్లు తొలిచి, ఆ నీళ్లు దిగువన పారబోయండి.
- మూత పెట్టిన సీసాను జానెడు లోతులో ముంచి, అక్కడే మూత తీసి నింపి, అక్కడే బిగించండి.
- ఆక్సిజన్ పరీక్షకు సీసాలో ఒక్క గాలిబుడగ కూడా ఉండకూడదు. ఉంటే పారబోసి మళ్లీ తీయండి.
- సీసా మీద చోటు, తేదీ, సమయం పెన్సిల్‌తో రాయండి. పెన్ను తడికి చెరిగిపోతుంది.

అంకెలను దేనితో పోల్చాలి? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో బయట స్నానానికి పనికొచ్చే నీళ్లలో కరిగిన ఆక్సిజన్ లీటరుకు కనీసం 5 మిల్లీగ్రాములు, పీహెచ్ 6.5 నుంచి 8.5, బీఓడీ (నీళ్లలోని మురికి కుళ్లడానికి ఖర్చయ్యే ఆక్సిజన్) 3 మిల్లీగ్రాములకు మించకుండా ఉండాలి. చేపలు, వన్యప్రాణులకు ఆక్సిజన్ కనీసం 4. బీఓడీ, కోలిఫారమ్ (మురుగుతో వచ్చే సూక్ష్మజీవులు) లాంటివి ల్యాబ్‌లోనే చేయించాలి. కోలిఫారమ్‌కు ల్యాబ్ ఇచ్చిన శుద్ధి చేసిన సీసానే వాడాలి, దాన్ని తొలవకూడదు. నమూనాను మంచు పెట్టెలో అదే రోజు చేర్చాలి. ఏడాదికి రెండుసార్లు చేయిస్తే సరిపోతుంది.

కిట్ కంటే నాకు నమ్మకమైనది రాళ్ల కింద పురుగులు. రాళ్లున్న పలుచటి పారకం దగ్గర నాలుగు రాళ్లు మెల్లగా తిప్పి చూసి, మళ్లీ అలాగే పెట్టేయండి. మూడు తోకల మేఫ్లై పిల్లలు, చిన్న ఇసుక గూళ్లలో ఉండే క్యాడిస్ పురుగులు కనబడితే నీళ్లు బాగున్నట్టు. ఎర్రటి దారంలాంటి కైరోనమిడ్ పురుగులు తప్ప ఇంకేమీ లేకపోతే పైనుంచి మురుగు వస్తున్నట్టు. పరీక్ష ఆ క్షణం నీళ్లను చూపిస్తుంది, పురుగులు గడిచిన కొన్ని వారాల సంగతి చెబుతాయి.

8. పక్షులు, రాబందులు, ఫోటోలు

పక్షుల లెక్కను ఈబర్డ్ అనే పక్షుల నమోదు వెబ్‌సైట్‌లో ఎక్కించండి. జనవరిలో ఆసియా నీటి పక్షుల గణన జరుగుతుంది, మీ ముక్కను అందులో చేర్చితే మీ అంకెలకు విలువ పెరుగుతుంది. పేరు తెలియని పక్షిని ఊహించి రాయొద్దు, "తెలియదు" అని రాస్తే చాలు.

పెద్దవాగు ప్రాణహితలో కలిసే వైపు, పెంచికల్‌పేట మండలంలోని పాలరాపు గుట్ట మీద కొన్నేళ్ల కిందట పొడుగు ముక్కు రాబందులు గూళ్లు కట్టుకున్నాయి. చూడాలని అందరికీ ఉంటుంది. అటవీ శాఖ వెంట లేకుండా వెళ్లొద్దు, గుట్ట కింద గుంపుగా నిలబడొద్దు. రాబందుల కోసం నిజంగా ఏదైనా చేయాలంటే పశువులున్న ఊళ్లో చేయండి. పశువులకు వాడే నొప్పి మందుల్లో డైక్లోఫెనాక్ 2006 నుంచి, కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ 2023 నుంచి నిషేధం. ఈ మందులు పడిన పశువు చస్తే దాన్ని తిన్న రాబందు మూత్రపిండాలు పాడై చస్తుంది. బదులుగా మెలోక్సికామ్ ఉంది. మొదటి మూడూ వద్దు, మెలోక్సికామ్ వాడండి అని పెద్ద అక్షరాలతో రాసిన కాగితం పశువుల ఆసుపత్రిలో, మందుల షాపులో అంటించండి.

గూడు ఫోటో, మొసలి గుడ్ల చోటు, తాబేళ్లు దొరికే మడుగు ఏదీ లొకేషన్‌తో గ్రూపుల్లో పెట్టకండి. వేటగాళ్లూ ఫోన్లు చూస్తారు.

9. తవ్వకం, విషం, చచ్చిన చేపలు కనబడితే

ఇసుక తవ్వకం కనబడితే ముందు గుర్తుంచుకోవాల్సింది: అడ్డంగా నిలబడొద్దు, వాదించొద్దు. లారీల దగ్గర వీడియో తీస్తూ నిలబడటం ధైర్యం అనిపించుకోదు. చూసినట్టు కనబడకుండా తేదీ, సమయం, చోటు, వాహనాల సంఖ్య రాసుకుని వచ్చేయండి.

అది అనుమతి ఉన్న రీచ్ (ఇసుక తవ్వకానికి కేటాయించిన చోటు) కూడా కావచ్చు. కాబట్టి మొదటి కాగితం ఫిర్యాదుగా కాకుండా ప్రశ్నగా ఉండాలి. తహసీల్దార్‌కు, గనుల శాఖకు సమాచార హక్కు దరఖాస్తు: "ఫలానా రేవులో ఇసుకకు అనుమతి ఉందా, ఎంత విస్తీర్ణం, ఎంత లోతు, యంత్రాలు వాడొచ్చా?" 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. జవాబుకు, కళ్లతో చూసినదానికి తేడా ఉంటే అప్పుడు కలెక్టర్‌కు ఫిర్యాదు. షెడ్యూల్డ్ ప్రాంత గ్రామమైతే 1996 పెసా చట్టం కింద చిన్న ఖనిజాల లీజుకు ముందు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు అవసరం, ఆ తీర్మానం ఉందో లేదో కూడా అడగండి. ఇవన్నీ అయ్యాకే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచ్ మాట.

నీళ్లలో విషపు మందు కలిపి, తోటాలు పేల్చి చేపలు పట్టడం 1897 నాటి మత్స్య చట్టం నుంచే నేరం. ఇది ఎవరు చేస్తున్నారో మత్స్య సంఘానికే ముందు తెలుస్తుంది, నష్టపోయేదీ వాళ్లే. వాళ్లను ముందు నిలబెట్టి మీరు వెనక ఉండండి.

చేపలు గుంపుగా చచ్చి తేలితే:

- వాటిని ఎవరూ తినకుండా, అమ్మకుండా వెంటనే ఊళ్లో చెప్పించండి
- చోటు, సమయం, ఏ రకం చేపలు, నీటి రంగు, వాసన రాయండి
- చచ్చిన చోట, దానికి ఎగువన, దిగువన మూడు నమూనాలు తీసి మంచులో పెట్టండి
- కాలుష్య నియంత్రణ మండలి, మత్స్య శాఖ, తహసీల్దార్ ముగ్గురికీ అదే రోజు చెప్పండి, ఫోన్ తర్వాత రాతపూర్వకంగా కూడా

కారణం ఫలానా ఫ్యాక్టరీ అని ఎక్కడా రాయకండి. ఎగువన బొగ్గు గనులు, కరెంటు కేంద్రాలు, పట్టణాల మురుగు అన్నీ ఉన్నాయి. ఎండాకాలం నీళ్లు తగ్గి ఆక్సిజన్ పడిపోయినా చేపలు చస్తాయి. ల్యాబ్ చెప్పాక మాట్లాడవచ్చు.

10. తరచూ జరిగే తప్పులు, వాటికి మందు

తిన్నెల మీద, ఒడ్డు గడ్డి మీద మొక్కలు నాటడం: వరద మొక్కలను ఎలాగూ తీసుకుపోతుంది. నిలిచినా, ఉత్త ఇసుక కావలసిన పక్షులకు చోటు పోతుంది. నాటాలనే ఉంటే రేవు పైన గట్టు దాటి, తెల్లమద్ది, నేరేడు, కానుగ లాంటివి, రెండేళ్లు నీళ్లు పోసేవాళ్లు దొరికాకే.

గుర్రపుడెక్క, తూటికాడ పీకి ఒడ్డునే పడేయడం: తడి తగిలితే మళ్లీ వేళ్లు పోస్తాయి. నీళ్లకు దూరంగా తీసుకెళ్లి ఎండబెట్టాలి.

"పుణ్యం" పేరుతో కొన్న చేపలు, తాబేళ్లు వదలడం: ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ లాంటివి స్థానిక చేపలను మింగేస్తాయి. రేవులో ఎవరైనా వదులుతుంటే మర్యాదగా ఆపి, ఆ డబ్బుతో రేవుకు చెత్తబుట్ట పెట్టించమని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు.

ప్రారంభ సభ పెట్టడం: మైకు, శాలువాలు, ఫ్లెక్సీ, వాటర్ ప్యాకెట్లు. నాయకులు వచ్చేసరికి తొమ్మిదవుతుంది, ఎండ ఎక్కుతుంది, పక్షులు పోతాయి. సభ తప్పనిసరైతే పని అయిపోయాక, గట్టు మీద.

మూడోసారికి జనం తగ్గిపోవడం: చెత్త మాత్రమే ఏరిస్తే ఎవరికైనా విసుగే. ప్రతి రెండో కలయికలో చెత్త పని లేకుండా నది నడక పెట్టండి. పొద్దున్నే నాటు పడవలో కాసేపు, తర్వాత గట్టు మీద కూర్చుని ఊరి పెద్దవాళ్లతో మడుగుల పేర్లు, పాత వరదలు ఎక్కడిదాకా వచ్చాయో, ఏ చేప ఏ నెలలో ఎక్కేదో చెప్పించుకోండి. రాతగాడు ఆ పేర్లను మ్యాపులో ఎక్కించాలి. ఆ మ్యాపు రెండేళ్లలో మీ జట్టు చేసిన అన్ని పనుల్లోకీ విలువైనది అవుతుంది.

11. లెక్కల పుస్తకం

ఒకే పుస్తకం, ఒకే పట్టిక. ప్రతి కలయికకు ఒక పేజీ: తేదీ, వాతావరణం, టేక్రా నీటిమట్టం, వచ్చినవాళ్లు, పక్షుల లెక్క, నాలుగు నీటి కొలతలు, రకాలవారీగా చెత్త బరువు, కొత్తగా చూసినవి, చేయాల్సినవి, ఎవరు చేయాలి. ఆ సాయంత్రమే ఫోటో తీసి ముగ్గురి ఫోన్లలో ఉంచండి.

గుర్తు పెట్టిన మూడు చోట్ల నుంచి, అదే ఎత్తు, అదే దిక్కు చూస్తూ ప్రతిసారీ ఒక ఫోటో తీయండి. ఒడ్డు కోసుకుపోవడం, తిన్నె మాయమవడం అందులోనే బయటపడుతుంది.

ఏడాదికి ఒకసారి, వానలు మొదలయ్యే ముందు, రెండు పేజీల నివేదిక రాసి గ్రామసభలో చదివించండి. అంకెలు పది దాటకూడదు, కోరికలు మూడు దాటకూడదు. అవి కూడా పంచాయతీ తన చేతిలో ఉన్న డబ్బుతో చేయగలిగినవే అయి ఉండాలి: రేవుకు రెండు చెత్త తొట్లు, కార్తీకంలో, శివరాత్రికి అదనంగా ట్రాక్టరు ఒక ట్రిప్పు, లోతు గుంత ఉన్న చోట ఎర్ర గుర్తు బోర్డు. నివేదిక ప్రతులు రేంజ్ ఆఫీసర్‌కు, మత్స్య సంఘానికి, జీవవైవిధ్య కమిటీకి ఇచ్చి ముట్టినట్టు సంతకాలు తీసుకోండి. వచ్చే నవంబరు దరఖాస్తుకు ఆ కాపీలు జత చేస్తే రెండో ఏడాది అనుమతి తొందరగా వస్తుంది.